లోపల ఎందరున్నారు?

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో భారీ పేలుడు సంభవించి ఉత్పత్తి విభాగపు భవనం కుప్పకూలినప్పుడు, శిథిలాల తొలగింపునకు దిగినవారికి అన్నిటికంటె ముందుగా తెలియవలసిన సంగతి ఒక్కటే. లోపల ఎందరున్నారు? ఆ ప్రశ్నకు రోజుల తరబడి తిరుగులేని సమాధానం లభించలేదు. మృతుల సంఖ్య దినదినం పెరుగుతూ పోయి చివరకు యాభై దాటింది. గుర్తుపట్టరానంతగా కాలిపోయిన దేహాలను డీఎన్ఏ పరీక్షలు జరిపి బంధువులకు అప్పగించవలసి వచ్చింది. కొందరి ఆనవాళ్లు అసలే చిక్కలేదు. పొట్ట చేతబట్టుకుని బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు వారిలో అధిక సంఖ్యాకులు. కోటి రూపాయల పరిహారం ప్రకటన వెలువడింది, నిపుణుల సంఘం ఏర్పాటయింది. కాని గేటు లోపలికి వెళ్లిన ప్రతి మనిషి పేరూ గేటు వెలుపల ఒక పుస్తకంలో ఉండి తీరాలన్న అతి సామాన్యమైన విషయం ఈ దేశంలో ఇంకా ఎందుకు ఖాయం కాలేదో చెప్పవలసిన బాధ్యత ఎవరిదో తేలలేదు.

ఆ ఘోరం జరిగిన ఐదు మాసాలకు, నవంబర్ 21న, కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక స్మృతులను అమలులోకి తెచ్చింది. వాటిలో ఒకటి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితులకు సంబంధించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1952 నాటి గనుల చట్టం, 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం సహా పదమూడు చట్టాలు దానిలో విలీనమయ్యాయి. 2020 సెప్టెంబర్‌లో ప్రతిపక్షాలు సభను బహిష్కరించిన తరుణంలో రాజ్యసభ ఆమోదం పొందిన ఈ స్మృతి ఐదేళ్లకు పైగా అటకెక్కి ఉండి ఇప్పుడు కిందికి దిగింది. ఇది చరిత్రాత్మకమని ప్రభుత్వం, శ్రామిక వ్యతిరేకమని ప్రధాన కార్మిక సంఘాలు అంటున్నాయి. ఈ రెండు మాటల నడుమ సామాన్య పాఠకునికి కావలసింది వేరు. పాశమైలారం వేసిన ప్రశ్నకు ఈ చట్టంలో జవాబు ఉన్నదా, లేదా?

కొంత ఉన్నది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన అందులో ముఖ్యమైనది. మన దృష్టిలో ఈ స్మృతి మొత్తంలో విలువైన వాక్యం అదే. శిక్షల గురించీ జరిమానాల గురించీ పత్రికలు ఎక్కువ రాస్తాయి గాని, చేతిలో ఒక కాగితం లేని కార్మికునికి తక్కిన హక్కులన్నీ గాలిలో మేడలు. అతడు అక్కడ పనిచేశాడని రుజువు లేకపోతే బీమా లేదు, పరిహారం లేదు, శిక్షణ అడిగే అర్హత లేదు. కాంట్రాక్టరు కింద మరొక కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ, మేస్త్రీ వెంట ఊరి నుంచి వచ్చిన పదిమంది కుర్రవాళ్లు అనే వరుసలో యజమాని ఎవరన్నది ప్రమాదం జరిగిన మరునాడు మొదలయ్యే వివాదం. పాలమూరు కూలీల కష్టాలూ, శ్రీకాకుళం వలసల గాథలూ తెలిసిన తెలుగువారికి ఈ వరుసను విడమరచి చెప్పనక్కరలేదు. ఒకప్పుడు మనవారు పరాయి రాష్ట్రాలలో ఏ స్థితిలో ఉండేవారో, ఇప్పుడు మన పారిశ్రామికవాడలలో ఇతరులు ఆ స్థితిలోనే ఉన్నారు.

అయితే ఒక చేత్తో ఇచ్చినదానిని ఈ స్మృతి మరో చేత్తో కొంత తీసుకున్నది. కాంట్రాక్టు కార్మికుల రక్షణ నిబంధనలు ఇదివరలో ఇరవై మంది ఉన్నచోట వర్తించేవి, ఇప్పుడు యాభై మంది ఉండాలి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల విషయంలో ఐదుగురు పదిమంది అయ్యారు. ఫ్యాక్టరీ అనే మాటకు నిర్వచనం కూడ మారింది. విద్యుత్తు వాడేచోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనిపించుకునేది ఇక ఇరవైమంది ఉంటేగాని అనిపించుకోదు. విద్యుత్తు లేనిచోట ఇరవై నలభై అయింది.

ఈ అంకెల వెనుక ఒక చరిత్ర ఉన్నది. మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో రిప్పన్ ప్రభువు హయాంలో వచ్చింది. యంత్రాలకు కంచె వేయాలని, ఏడేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని అది చెప్పింది. కాని వందమంది పనిచేసేచోటనే వర్తించింది. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే వంటివారు మిల్లు కూలీలను కూడగట్టి ఆందోళన సాగించిన పిమ్మట 1891లో ఆ వంద యాభైకి దిగింది. 1922లో ఇరవైకి, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, పదికి దిగింది. వంద నుంచి పదికి చేరడానికి అరవై ఏడేళ్లు పట్టింది. ఆ మెట్లు దిగి వచ్చిన చట్టం మళ్లీ ఒక మెట్టు పైకెక్కడం ఇదే మొదటిసారి. పదిమంది ఉన్న సంస్థలన్నిటికీ యజమాని సాధారణ విధులు వర్తిస్తాయనీ, ప్రమాదకరమైన పని జరిగేచోట ఒక్కరున్నా చట్టాన్ని వర్తింపజేసే అధికారం కేంద్రానికి ఉన్నదనీ ప్రభుత్వం చెబుతున్నది. నిజమే. కాని అధికారం ఉండడం వేరు, నోటిఫికేషన్ వెలువడడం వేరు. చిన్న షెడ్లలో, అద్దె గోడౌన్లలో, రసాయన డ్రమ్ములు కడిగే దొడ్లలో పనిచేసేవారు మొదటినుంచీ చట్టం చూపు సోకని మనుషులే.

ఇక రెండవ ప్రశ్న. ప్రమాదం ముంచుకొస్తున్నదని తెలిసిన కార్మికుడు ఏమి చేయగలడు?

భోపాల్ సంగతి గుర్తు చేసుకోవాలి. 1984 డిసెంబర్ 2వ తేదీ అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ ట్యాంకు నుంచి మిథైల్ ఐసోసైనేట్ వాయువు వెలువడి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. అది హఠాత్తుగా ఊడిపడిన ఉపద్రవం కాదు. 1981 డిసెంబర్‌లోనే అదే కర్మాగారంలో ఫాస్జీన్ సోకి ఒక కార్మికుడు మరణించాడు. కార్మిక సంఘాలు గొంతెత్తాయి. రాజ్‌కుమార్ కేశ్వానీ అనే పాత్రికేయుడు 1982 నుంచే ఊరు అగ్నిపర్వతం అంచున ఉన్నదని హెచ్చరిస్తూ రాశాడు. విన్నవారు లేరు. చేతులు కాలిన తరువాత 1987లో పార్లమెంటు ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర ప్రక్రియలపై ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చింది. తాము వాడే పదార్థాల వల్ల కలిగే హాని ఏమిటో కార్మికులకు, స్థానిక సంస్థకు, పరిసరాల ప్రజలకు యజమాని తెలియపరచాలి. యాజమాన్య ప్రతినిధులతో సమాన సంఖ్యలో కార్మికులున్న భద్రతా సంఘం ఏర్పడాలి. ముప్పు పొంచి ఉన్నదని తోస్తే హెచ్చరించే హక్కు కార్మికునికి ఉండాలి. అక్షరాలా మంచి చట్టం. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్ముకుని 12 మందిని బలిగొన్న వేళ, సైరన్ ఉండి కూడ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది. గాఢనిద్రలో ఉన్న ఊరిని లేపడానికి ఒక మీట నొక్కినవారు లేకపోయారు.

తెలియపరచడం అంటే గోడకు ఇంగ్లీషు బోర్డు తగిలించడం కాదు. సిగాచిలో తయారయ్యేది మాత్రల తయారీకి వాడే సెల్యులోజ్ పొడి. విషం కాదు, ఆమ్లం కాదు, చేతికి అంటితే దులుపుకునే తెల్లని పిండి. దర్యాప్తు ఫలితాల మాట అలా ఉంచితే, మండే స్వభావం గల ఏ సన్నని పొడి అయినా, చక్కెర అయినా గోధుమపిండి అయినా, మూసి ఉన్న చోట గాలిలో తగినంతగా కలిసినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, బాంబువలె పేలుతుంది. ఈ సంగతి రసాయన ఇంజనీరుకు తెలుసు. భోజ్‌పురి మాత్రమే వచ్చిన ఇరవై ఏళ్ల యువకునికి ఎవరు, ఏ భాషలో చెప్పారు? మన పారిశ్రామికవాడలలో పనివారి భాష ఒకటి, సూపర్‌వైజరు భాష మరొకటి, బోర్డు మీది భాష ఇంకొకటి. కొత్త స్మృతి సమాచారం పొందే హక్కును నిలిపి ఉంచింది. భాష గురించిన పట్టింపు రాష్ట్రాల నియమావళులలోనైనా చోటు చేసుకోవాలి.

హెచ్చరించే హక్కు సంగతి మరింత చిత్రమైనది. ప్రాణాపాయం తప్పదని సహేతుకంగా తోచినప్పుడు కార్మికుడు యజమానికి నేరుగా గాని భద్రతా సంఘ సభ్యుని ద్వారా గాని చెప్పవచ్చు, అదే సమయంలో అధికారికీ తెలపవచ్చు. యజమానికి ఆ ముప్పు నిజమనిపిస్తే సరిదిద్దుతాడు. అనిపించకపోతే సంగతిని అధికారికి నివేదిస్తాడు, ఆయన నిర్ణయమే తుది నిర్ణయం. మరి ఆ అధికారి వచ్చేదాకా కార్మికుడు ఎక్కడ ఉండాలి? బాయిలరు పక్కనా, గేటు బయటా? పని ఆపి బయటికి వచ్చినందుకు ఆ రోజు కూలి కోయరాదని, కొలువు నుంచి తీసివేయరాదని 1987 సవరణ విస్పష్టంగా చెప్పలేదు, కొత్త స్మృతీ చెప్పలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒడంబడిక సరిగా ఇక్కడే రక్షణ కల్పిస్తున్నది. తక్షణ ప్రాణాపాయం నుంచి తప్పుకున్న పనివానికి అందువల్ల నష్టం కలగరాదన్నది దాని సారాంశం. 2022 జూన్‌లో ఆ సంస్థ సురక్షితమైన పనిచోటును మౌలిక హక్కుల జాబితాలో చేర్చింది.

ఈ తేడా ఎంత ఖరీదైనదో పొరుగున ఉన్న బంగ్లాదేశ్ చెప్పగలదు. 2013 ఏప్రిల్ 23న సావర్‌లోని రాణా ప్లాజా భవనానికి పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తులోని దుకాణాలు, బ్యాంకు మూతపడ్డాయి. బ్యాంకు ఉద్యోగులు మరునాడు రాలేదు. పై అంతస్తులలో బట్టలు కుట్టేవారు మాత్రం జీతం కోత పడుతుందన్న భయంతో వచ్చారు. ఆ ఉదయమే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ఒకే కప్పు, ఒకే పగులు. కాదనగలిగినవారు బతికారు, కాదనలేనివారు పోయారు. అంతటి ప్రళయం తరువాత అంతర్జాతీయ దుస్తుల కంపెనీలకూ కార్మిక సంఘాలకూ మధ్య చట్టబద్ధమైన ఒప్పందం కుదిరి, స్వతంత్ర ఇంజనీర్లు వందలాది ఫ్యాక్టరీలను తనిఖీ చేశారు. ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కును ఆ ఒప్పందం గుర్తించింది. అలాగని అక్కడంతా చక్కబడిపోలేదు. 2021 జులైలో రూప్‌గంజ్‌లోని ఆహార పదార్థాల కర్మాగారంలో మంటలు రేగినప్పుడు, తాళం వేసిన తలుపు వెనుక చిక్కుకుని యాభై మందికి పైగా కాలిపోయారు. ఒప్పందం దుస్తుల పరిశ్రమకే గాని తక్కినవాటికి కాదు మరి.

తనిఖీ సంగతికి వద్దాం. ఇన్‌స్పెక్టరు అనే మాట వినగానే పారిశ్రామికవేత్తలు లంచం అనే మాటను జోడిస్తారు. అందులో అసత్యం లేదు. ముడుపులు పుచ్చుకుని కళ్లు మూసుకున్న తనిఖీలు ఎన్నో. అయితే రోగం అవినీతి అయితే మందు తనిఖీని తగ్గించడమా? 2014 అక్టోబరులో శ్రమ్ సువిధ పోర్టల్ ప్రారంభమైనప్పటి నుంచి ఏ కర్మాగారానికి ఎప్పుడు వెళ్లాలో కంప్యూటరు నిర్ణయించే పద్ధతి వ్యాపించింది. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు పేరే మారి ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది. అంటే తప్పు పట్టేవాడూ ఆయనే, దారి చూపేవాడూ ఆయనే. పోలీసుకూ ప్లీడరుకూ ఒకే కుర్చీ వేసినట్లున్నది. కార్మిక తనిఖీకి సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడికను 1949లోనే ఆమోదించిన దేశం మనది. ముందుగా చెప్పకుండా ఏ వేళనైనా కర్మాగారంలోకి వెళ్లగల అధికారి ఉండాలన్నది దాని ప్రాణం.

ప్రైవేటు సంస్థల చేత తనిఖీ, ధ్రువీకరణ చేయించే వీలు కూడ స్మృతిలో ఉన్నది. కరాచీలోని బల్దియా ప్రాంతంలో 2012 సెప్టెంబర్ 11న అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల కర్మాగారం తగలబడి 250 మందికి పైగా మరణించారు. కిటికీలకు ఇనుప చువ్వలు, బయటికి దారులు మూసివేత. ఆ ఫ్యాక్టరీకి అంతకు కొన్ని వారాల ముందే అంతర్జాతీయ ప్రమాణాల ధ్రువపత్రం దక్కింది! తనిఖీ చేసేవారికి రుసుము చెల్లించేది తనిఖీకి గురయ్యేవారే అయినప్పుడు ఏమవుతుందో దీనికి మించిన నిదర్శనం కావాలా?

కార్మికునికి బాధ్యతలు లేవా అని అడిగేవారున్నారు. ఉన్నాయి, చట్టం వాటినీ చెప్పింది. ఇచ్చిన భద్రతా సాధనాలను వాడాలి, యంత్రాల రక్షణ ఏర్పాట్లను తొలగించరాదు, తన ఆరోగ్యంతోపాటు పక్కవాని ఆరోగ్యాన్నీ కనిపెట్టి ఉండాలి. శిరస్త్రాణం బరువని పక్కన పెట్టేవారూ, త్వరగా పని ముగించాలని సెన్సరుకు అడ్డుపెట్టేవారూ లేకపోలేదు. కాని ప్రతి ప్రమాదానికీ మానవ తప్పిదం అనే ముద్ర కొట్టి దస్త్రం మూసివేయడం మనకు రివాజయింది. ఆ తప్పిదం చేసిన మానవుడు ఎన్ని గంటలుగా పనిలో ఉన్నాడు, అతనికి శిక్షణ ఇచ్చిందెవరు, రోజుకు ఇన్ని బస్తాలని లక్ష్యం విధించిందెవరు అన్నవి దస్త్రంలోకి ఎక్కవు. బ్రిటిష్ పాలనలో, 1923లో వచ్చిన పరిహార చట్టం ఈ విషయంలో మనకంటె ఉదారంగా ఆలోచించింది. మద్యం మత్తులో ఉన్నా, బుద్ధిపూర్వకంగా ఆజ్ఞను ధిక్కరించినా, ఆ కార్మికుడు మరణించిన పక్షంలో ఆ కారణం చూపి పరిహారం ఎగ్గొట్టే వీలు యజమానికి అది ఇవ్వలేదు. తప్పు అతనిదే అయినా ఆకలి అతని పిల్లలది అని ఆనాటి శాసనకర్తలు గ్రహించారు కాబోలు.

పేలుడు కనపడుతుంది, ఊపిరితిత్తులలో చేరే ధూళి కనపడదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ జిల్లాల గిరిజనులు గుజరాత్‌లోని గోధ్రా ప్రాంతపు పలుగురాళ్ల పిండి మరలలో కొన్నాళ్లు పనిచేసి, ఇళ్లకు తిరిగివచ్చి సిలికోసిస్‌తో ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. 2016లో సుప్రీంకోర్టు 238 మంది మృతుల కుటుంబాలకు మూడేసి లక్షల రూపాయలు చెల్లించాలని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో అంతర్భాగమని 1995లో ఆస్‌బెస్టాస్ కేసులో చెప్పినదీ ఆ న్యాయస్థానమే. కొత్త స్మృతి ఏటా ఉచిత వైద్యపరీక్ష జరపాలంటున్నది. సంతోషమే. ఐతే ఈ జబ్బు పని మానిన ఏళ్ల తరువాత కూడ బయటపడుతుంది. అప్పటికి ఆ మర మూతపడి ఉంటుంది, కాంట్రాక్టరు మారిపోయి ఉంటాడు. మళ్లీ ఆ కాగితమే దిక్కు. ఎవరి దగ్గర ఎన్ని నెలలు పనిచేశాడో చెప్పే కాగితం.

శిక్షల విషయంలో ఒక ముందడుగు ఉన్నది. చట్టోల్లంఘన వల్ల మరణం సంభవిస్తే పాత చట్టం కింద కనీస జరిమానా 25 వేల రూపాయలు. ఇప్పుడది ఐదు లక్షలు. అందులో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉన్నది. జైలుశిక్ష రెండేళ్ల వరకు. అయితే జైలుకూ జరిమానాకూ నడుమ 'లేదా' అనే రెండక్షరాల మాట ఉన్నది. ప్రమాదకర ప్రక్రియల నిబంధనలను అతిక్రమిస్తే ఏడేళ్ల వరకు శిక్షించవచ్చునని 1987 సవరణ రాసింది. భోపాల్ కేసులో ఇరవై ఐదేళ్ల పైచిలుకు నిరీక్షణ తరువాత 2010లో దోషులకు పడింది రెండేళ్లు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసైన్షియా కర్మాగారంలో 17 మంది చనిపోయినప్పుడు, అది భోజన విరామ సమయం కాబట్టి ప్రాణనష్టం అంతటితో ఆగిందన్నారు. కార్మికుల ప్రాణాలు భోజన వేళ మీద ఆధారపడే స్థితిని ఐదు లక్షల భయం మార్చగలదని నమ్మడం కష్టం.

కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోనివి. కర్మాగారాలలో అధిక భాగానికి నియమాలు రూపొందించేది, వాటిని అమలుపరచేది రాష్ట్రాలే. ఉపాధి, ఆర్థిక కార్యకలాపాల పెంపుదల పేరిట కొత్త ఫ్యాక్టరీలను ఏ నిబంధన నుంచైనా కొంతకాలం మినహాయించే అధికారం కూడ స్మృతి ప్రభుత్వాలకు ఇచ్చింది. పెట్టుబడుల కోసం రాష్ట్రాలు పోటీలు పడుతున్న కాలంలో ఈ అధికారం ఎటు నడుస్తుందో ఊహించడానికి జ్యోతిషం తెలియనక్కరలేదు. కొత్త ఫ్యాక్టరీలో యంత్రాలు కొత్తవి, పనివారు కొత్తవారు. మినహాయింపు ఇవ్వకూడని దశ ఏదైనా ఉంటే అది మొదటి దశే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ప్రాణరక్షణకు సంబంధించిన ఏ నిబంధననూ ఈ మినహాయింపు కిందికి తేబోమని ముందుగానే ప్రకటించాలి. తనిఖీ నివేదికలు దస్త్రాలలో కాక గ్రామ పంచాయతీ గోడ మీద ఉండాలి. ముప్పును చూసి పని ఆపినవాని ఆనాటి వేతనానికి పూచీ ఉండాలి. ప్రతి షిఫ్టు మొదలైన పావుగంటలో, కాంట్రాక్టు అనీ పర్మనెంటు అనీ తేడా లేకుండా, లోపల ఉన్నవారి పేర్ల జాబితా ఒక ప్రతి గేటు వెలుపల, ఒక ప్రతి సమీప అగ్నిమాపక కేంద్రంలో ఉండాలి. దీనికి కావలసిన ఖర్చు ఒక రిజిస్టరు, ఒక ఫోను.